మంగళవారం పగలు పదకొండింటికి

మా పిన్ని కూతురు వచ్చే నెలలో మెల్‌బోర్న్ వస్తోంది. ఆమె భర్త, అంటే మా మరిది, డిసెంబర్‌లోనే వచ్చి ఉద్యోగంలో చేరాడు. ఒక స్నేహితుడి ఇంట్లో గది తీసుకుని ఉంటూ ఇద్దరికీ అద్దె ఇల్లు వెతుకుతున్నాడు. పోయిన ఆదివారం ఫోన్ చేశాడు. "వదినా, ఇల్లు దాదాపు ఖాయమైనట్టే. టార్నీట్‌లో. నాలుగు బెడ్‌రూములు, రెండు కార్ల గరాజ్, తూర్పు వాకిలి. ఆ వీధిలోనే మనవాళ్ళు ఏడు కుటుంబాలున్నారట" అన్నాడు. టార్నీట్ అంటే మెల్‌బోర్న్‌కి పడమర కొసన ఉన్న సబర్బ్, నగర శివారు. గొంతులో సంతోషం దాగట్లేదు. పెళ్ళాం విమానం దిగేసరికి ఇల్లు అమర్చి పెట్టాలని ఏ మొగుడికి ఉండదు?

"ఎప్పుడు చూశావ్?" అని అడిగాను.

"నిన్న. శనివారం ఇల్లు చూపించే ఇన్‌స్పెక్షన్ పెట్టారు. మావాడి కార్లో వెళ్ళొచ్చాం."

"అప్లికేషన్ పెట్టే ముందు మంగళవారం పగలు పదకొండింటికి ఒకసారి వెళ్ళు. కారు వద్దు. స్టేషన్లో దిగి నడిచి వెళ్ళు."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "మంగళవారం ఆఫీసు కదా వదినా" అన్నాడు.

"నీకు ఆఫీసు. మరి మా చెల్లికి?"

దానికి అతని దగ్గర జవాబు లేదు. అతన్ని తప్పు పట్టను. 2018 జులైలో మా ఆయన ఇదే టార్నీట్‌లో ఇలాంటి ఇల్లే చూసినప్పుడు ఆయనకీ ఈ ప్రశ్న తట్టలేదు. పక్కనే నిలబడి వంటగది అరలు ఒక్కొక్కటీ తెరిచి చూసుకుంటూ మురిసిపోయిన నాకూ తట్టలేదు.

ఇలాంటివి ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెబితే మొగుడూ పెళ్ళాల మధ్య పుల్ల పెట్టినట్టుంటుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఇద్దరు కలిసి కొత్త దేశంలో కాపురం పెట్టేటప్పుడు, ఏ సబర్బ్‌లో ఉండాలన్నది ఉద్యోగం ఉన్న మనిషి ప్రయాణాన్ని బట్టి తేల్చకూడదని నా అభిప్రాయం. ఉద్యోగం, కారు, లైసెన్సు ఇంకా చేతికి రాని రెండో మనిషి పగలు ఎలా గడుస్తుందో చూసి తేల్చాలి.

గరాజ్ తలుపుల చప్పుడు

మా ఆయన ఆఫీసు అప్పట్లో నగరం నడిబొడ్డున, డాక్‌ల్యాండ్స్‌లో. సదరన్ క్రాస్ స్టేషన్లో దిగితే నాలుగడుగులు. 2015లో టార్నీట్ స్టేషన్ తెరిచాక గీలాంగ్ రైళ్ళు ఆ దారిన వస్తున్నాయి, అరగంటకి కాస్త అటూ ఇటుగా సదరన్ క్రాస్‌లో దించేస్తాయి. వారానికి 370 డాలర్లకి నాలుగు బెడ్‌రూముల కొత్త ఇల్లు. చుట్టూ మనవాళ్ళు. కాగితం మీద రాసుకుని చూస్తే అంతకంటే మంచి ఏరియా దొరకదు. ఇవాళ మళ్ళీ రాసి చూసినా ఆయన లెక్కలో తప్పు కనిపించదు. ఆ లెక్కలో నా పగలు ఒక్కటే లేదు.

ఆ వీధికి ఒక పద్ధతి ఉండేది. పొద్దున్న ఆరూ నలభైకి మొదటి గరాజ్ తలుపు గరగరమని పైకి లేచేది. స్టేషన్ దగ్గర పార్కింగ్ నిండిపోకముందే చేరాలని పరుగు. అక్కణ్ణుంచి ఎనిమిదిన్నర దాకా ఒకదాని తరువాత ఒకటి తలుపులు లేచేవి, దిగేవి. ఆ తరువాత చప్పుడంతా ఆగిపోయేది. మళ్ళీ సాయంత్రం ఐదున్నరకి మొదటి తలుపు లేచేదాకా ఆ వీధిలో మనిషి అలికిడి ఉండేది కాదు. తెనాలిలో పుట్టి పెరిగినదాన్ని నేను. పాలవాడు, కూరల బండి, పక్కింటి కుక్కర్ కూత, ఎవరో ఎవర్నో కేకేయడం, వీటి మధ్య పెరిగినవాళ్ళకి నిశ్శబ్దం అంటే ఏమిటో తెలియదు. మొదటి వారం హాయిగా అనిపించింది. మూడో వారానికి ఎవరూ చూడకపోయినా టీవీ పెట్టుకునేదాన్ని.

నడవొచ్చు కదా అంటారు. నడిచాను. ఒక రోజు పాలు, ఉల్లిపాయలు అయిపోయాయి. షాపింగ్ సెంటర్ రెండున్నర కిలోమీటర్లు. ఊళ్ళో ఆ దూరం నాకో లెక్క కాదు. వెళ్ళేటప్పుడు బాగానే ఉంది. వచ్చేటప్పుడు మూడు లీటర్ల పాల డబ్బా, రెండు కిలోల ఉల్లిపాయల సంచీ పట్టుకుని, దగ్గరవుతుందని ఫోన్లో మ్యాప్ చూపించిన దారి పట్టాను. కొంతదూరం వచ్చాక ఫుట్‌పాత్ ఆగిపోయింది. మలుపు తిరగలేదు, రోడ్డు మీదికి దిగలేదు, ఉన్నచోటే తెగిపోయింది. కాంక్రీటు అంచు చాకుతో కోసినట్టుంది. దాని ముందు తీగ కంచె, కంచె అవతల నడుమెత్తు ముళ్ళపొదలు, వాటి అవతల ఇంకా కట్టని ఎస్టేట్ తాలూకు బోర్డు. బోర్డు మీద ఒక జంట పిల్లాణ్ణి ఎత్తుకుని నవ్వుతున్నారు. పడమర వైపు అంతా ఎప్పటివో లావా పొరల మీద పరుచుకున్న బయలు నేల. దూరాన యూ యాంగ్స్ కొండలు తప్ప గాలికి అడ్డమంటూ లేదు. ఆ గాలికి సంచీ కాళ్ళకి కొట్టుకుంటూ ఉంటే, వచ్చిన దారినే వెనక్కి తిరిగి మెయిన్ రోడ్డు చుట్టి ఇంటికి చేరాను. పాల డబ్బా పిడి ఒత్తుకుని వేళ్ళ మీద ఎర్రగా గీత పడింది. సాయంత్రం మా ఆయన, "ఫోన్ చేస్తే వచ్చేటప్పుడు తెచ్చేవాణ్ణి కదా" అన్నారు. నిజమే, తెచ్చేవారు. కానీ ఉల్లిపాయల కోసం కూడా ఒక మనిషి ఇంటికొచ్చేదాకా ఎదురుచూడాల్సిన ఇంట్లో నేనున్నానని ఆయనకి అర్థమయ్యేలా చెప్పడం నాకు చేతకాలేదు.

శనివారం కారు కిటికీలోంచి

ఇంత పెద్ద విషయం ఇద్దరు చదువుకున్నవాళ్ళ కళ్ళు ఎలా కప్పిందని చాలాసార్లు ఆలోచించాను. ఇళ్ళు చూసే పద్ధతిలోనే ఉంది చిక్కంతా. ఇన్‌స్పెక్షన్లు ఎక్కువగా శనివారాలు పెడతారు. పదిహేను నిమిషాలు టైమిస్తారు. చెప్పులు విప్పి లోపలికి వెళ్ళి, పొయ్యి గ్యాసా కరెంటా, హీటింగ్ ఉందా, బట్టలు ఆరేసుకునే చోటుందా చూసుకుంటాం. బయట ఇంకో ఇరవై మంది నిలబడి ఉంటారు కాబట్టి రాత్రికల్లా అప్లికేషన్ పడాలి. ఆ హడావిడిలో ఇల్లు చూస్తాం, ఊరు చూడం. చూసినా కారు కిటికీలోంచి, పక్కన భర్త ఉండగా, అందరికీ సెలవున్న రోజున చూస్తాం. అంటే మనం ఆ ఏరియాలో ఒంటరిగా ఎన్నడూ ఉండబోని గంటలో చూసి, ఒంటరిగా ఉండబోయే వేల గంటలకి సంతకం పెడుతున్నామన్నమాట.

"ఈ మార్కెట్లో మంగళవారం దాకా ఆగితే ఇల్లు పోతుంది వదినా" అని మరిది అన్న మాటలో నిజం ఉంది. పోతే పోనీ అంటాను. ఇల్లు ఇంకోటి దొరుకుతుంది. పన్నెండు నెలల లీజు రాసిచ్చాక మధ్యలో మానుకుంటే, కొత్తవాళ్ళు వచ్చేదాకా అద్దె మనమే కట్టుకోవాల్సి రావచ్చు, మళ్ళీ అద్దెకిచ్చే ఖర్చులూ మన నెత్తిన పడొచ్చు. మేం సంవత్సరమంతా ఉండిపోయింది ప్రేమతో కాదు, ఆ లెక్క చూసి.

కర్నూలక్క

ఇక్కడ నా వాదనకి అతి బలమైన ఎదురుదెబ్బ ఒకటుంది. దాన్ని దాచిపెట్టి మాట్లాడితే నాకే తృప్తిగా ఉండదు.

మా వీధి చివర ఒకావిడ ఉండేది. కర్నూలావిడ కాబట్టి అందరికీ కర్నూలక్క. వృద్ధుల హోములో రాత్రి షిఫ్టు పని. మేం దిగిన మూడో రోజు పొద్దున్నే డ్యూటీ నుంచి నేరుగా మా ఇంటికొచ్చి, ఎర్రబడ్డ కళ్ళతోనే, డబ్బాలో పులిహోర పెట్టి ఇచ్చింది. ఆవిడ ఇచ్చిన కరివేపాకు మొక్క ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఇక్కడి చలికి బయట పెడితే చచ్చిపోతుందని, మే నెల రాగానే లోపలికి తెచ్చి కిటికీ దగ్గర పెట్టమని చెప్పింది, అలాగే చేస్తున్నాను. ఆదివారం సాయంత్రాలు ఖాళీ పార్కింగ్ స్థలంలో నాకు స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది కూడా ఆవిడే. సంక్రాంతికి బయట నలభై డిగ్రీల ఎండ కాస్తుంటే వాళ్ళ గరాజ్‌లో ముప్ఫై మందిమి కూర్చుని పిల్లలకి భోగిపళ్ళు పోశాం. ఆ రోజు నేను ఏ దేశంలో ఉన్నానో కాసేపు మర్చిపోయాను.

మనవాళ్ళున్న చోటే ఉండాలనేవాళ్ళు చెప్పేది ఇదే. వాళ్ళు తప్పు చెప్పట్లేదు. జ్వరమొస్తే చారు తెచ్చిచ్చే మనిషి ఉండటం మామూలు విషయం కాదు. విండమ్ ప్రాంతంలో, టార్నీట్, ట్రుగనైనా, పాయింట్ కుక్ లాంటి చోట్ల మనవాళ్ళు ఒకరినొకరు ఆదుకునే తీరు చూసి నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

కానీ నా అనుభవంలో ఆ బలగమంతా వారాంతాలదే. పని రోజున కర్నూలక్క పగలు నిద్రపోవాలి. మిగతావాళ్ళు ఆఫీసుల్లో ఉంటారు. ఒకరి మీద ప్రేమ లేక కాదు, ఎవరికీ టైము లేక. సోమవారం నుంచి శుక్రవారం దాకా నాకు కావలసింది వేరే. కాలినడకన వెళ్ళగలిగే ఒక దుకాణం, ఒక లైబ్రరీ, పది నిమిషాలకో రైలు, మాట కలపకపోయినా పక్కన నడిచిపోయే నలుగురు మనుషులు. చుట్టపక్కాల కోసం గంట రైలెక్కి వెళ్ళొచ్చు. ఉల్లిపాయల కోసం వెళ్ళలేం.

మల్‌గ్రేవ్ ఉద్యోగం

నేను ఎం.కాం. చేసి విజయవాడలో ఒక ఆడిటర్ గారి దగ్గర నాలుగేళ్ళు పనిచేశాను. ఇక్కడ లోకల్ ఎక్స్‌పీరియన్స్ లేదని ఎనిమిది నెలలు అన్నిచోట్లా తిప్పి పంపారు. చివరికి మల్‌గ్రేవ్‌లో ఒక చిన్న కంపెనీ అకౌంట్స్‌లో తీసుకుంటానంది. మల్‌గ్రేవ్ నగరానికి ఆగ్నేయంగా ఉంటుంది, మేం పడమర కొసన. రైలు, మళ్ళీ ఇంకో రైలు, ఆపైన బస్సు. ఒక వైపుకి రెండుంపావు గంటలు. కారుంటే సగం టైములో వెళ్ళొచ్చు, వెస్ట్‌గేట్ వంతెన మీద ట్రాఫిక్ కరుణిస్తే. ఉన్న ఒక్క కారూ ఆయన స్టేషన్‌కి తీసుకెళ్ళేవారు. అయినా నాకు లైసెన్సు ఎక్కడిది? తెనాలిలో స్కూటీ తప్ప ఏమీ నడపలేదు. ఇక్కడ లెర్నర్స్ పరీక్ష పాసయ్యాక 25 ఏళ్ళు దాటినవాళ్ళు కూడా కనీసం 3 నెలలు ఆగితే గానీ డ్రైవ్ టెస్టుకి వెళ్ళడానికి లేదు. మధ్యలో రోడ్డు మీద ప్రమాదాల్ని ముందే పసిగట్టగలమా అని చూసే హజార్డ్ టెస్టు ఒకటి. ఆ కంపెనీవాళ్ళు రెండు వారాల్లో చేరమన్నారు.

కాదని మెయిల్ పంపింది నేనే. ఎవరూ వద్దనలేదు. పంపాక వంటగదిలో నేల మీద కూర్చుండిపోయాను. ఆ ఇంట్లో నాలుగు బెడ్‌రూములుండగా కూర్చోవడానికి నాకు వంటగది నేలే ఎందుకు దొరికిందో చెప్పలేను.

ఈ మాట ప్రత్యేకంగా మొగుళ్ళు వినాలి. మొదటి సంవత్సరంలో ఉద్యోగం దొరకడం ఎంత కష్టమో, దొరికినదాన్ని దూరం వల్ల వదులుకోవడం అంతకంటే కష్టం. మన ఉద్యోగం ఇక్కడుంది కాబట్టి దీనికి దగ్గర్లో ఉందాం అనుకుంటాం. రెండోవాళ్ళ ఉద్యోగం ఎక్కడొస్తుందో ఇంకా తెలియదు. తెలియనప్పుడు, నాలుగు దిక్కులకీ దారి ఉన్న చోట ఉండాలి. ఒకే దిక్కుకి పోయే రైలు పట్టాల చివర ఉంటే ఆ రెండో మనిషికి తలుపులు సగం అప్పుడే మూసుకుపోతాయి.

కారు షెడ్డులో ఉన్న నాలుగు రోజులు

నేను ఎంత చెప్పినా మా ఆయనకి ఎక్కలేదు. కోపంతో కాదు. "ఇంత ఇల్లు నీకోసమే కదా తీసుకున్నాను" అనేవారు. ఆయన ఇంట్లో ఉండేదే రాత్రులూ శని ఆదివారాలూ. అప్పుడు ఇంట్లో కారుంటుంది, నేనుంటాను, స్నేహితులొస్తారు. ఆయన చూసిన టార్నీట్ నిజంగానే బాగుండేది.

2019 జూన్‌లో కారు గేర్‌బాక్సు పోయింది. షెడ్డువాళ్ళు నాలుగు రోజులన్నారు. అదే వారం ఆయనకి గొంతునొప్పి, జ్వరం పట్టుకుని సెలవు పెట్టారు. మొదటి రోజు పడుకున్నారు. రెండో రోజు మధ్యాహ్నం, మందుల షాపుకి నేను వెళ్ళొస్తానంటే వినకుండా ఆయనే బయల్దేరారు. బస్ స్టాపులో చాలాసేపు నిలబడి, అది రాకముందే విసుగొచ్చి నడిచారట. తిరిగొచ్చేసరికి గంటన్నర. జాకెట్ విప్పకుండానే సోఫాలో కూర్చుని, కాసేపు గోడ కేసి చూసి, "ఎవరూ కనపడలేదు" అన్నారు. "అంటే?" అన్నాను. "వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ, ఒక్క మనిషి కనపడలేదు. నువ్వు రోజూ..." అని ఆగిపోయారు.

లీజు అయిపోగానే మారదామని ఆ రాత్రి ఆయనే అన్నారు.

సగం ఇల్లు, అంతే అద్దె

సెప్టెంబర్లో క్లేటన్ వెళ్ళాం, నగరానికి ఆగ్నేయంగా ఉన్న సబర్బ్. పాత ఎర్ర ఇటుకల యూనిట్లు ఆరు ఒకే ఆవరణలో, అందులో వెనకది మాది. రెండు బెడ్‌రూములు. వారానికి 385 డాలర్లు. నాలుగు గదుల కొత్త ఇంటి కంటే ఎక్కువ కట్టి రెండు గదుల పాత ఇంట్లోకి వచ్చామంటే ఊళ్ళో మా నాన్నకి ఎంతకీ అర్థం కాలేదు. మా ఆయన ప్రయాణం కూడా పెరిగింది. అయినా స్టేషన్ పది నిమిషాల నడక. పాకెన్‌హమ్, క్రాన్‌బోర్న్ రైళ్ళు రెండూ అక్కడ ఆగుతాయి కాబట్టి పగలంతా రైలు టైములు చూసుకునే పనే లేదు. క్లేటన్ రోడ్డు మీద మన సరుకుల దుకాణాలు, కూరగాయల కొట్లు, దగ్గర్లో లైబ్రరీ, కాస్త ముందుకెళ్తే మోనాష్ ఆస్పత్రి.

ముందు యూనిట్‌లో ఒక గ్రీకు ముసలావిడ ఉండేది. ఇంగ్లీషు నాలుగు మాటలకి మించి రాదు. రోజూ పగలు పదకొండింటికి చక్రాల సంచీ లాక్కుంటూ క్లేటన్ రోడ్డుకి వెళ్ళేది. నన్ను చూసి చెయ్యి ఊపేది. రెండో వారం నుంచి నేనూ ఆ టైముకి తలుపు తాళం వేసేదాన్ని. ఇద్దరం మాటల్లేకుండా పక్కపక్కనే నడిచేవాళ్ళం. ఎనభై ఏళ్ళ మనిషి, కారు లేదు, లైసెన్సు లేదు, ఎవరినీ అడగాల్సిన పనిలేకుండా తన పొద్దు తాను గడుపుకుంటోంది. ఒక ఏరియా ఎలాంటిదో తెలుసుకోవడానికి నాకు అంతకంటే కొలబద్ద అక్కర్లేదనిపించింది.

జనవరిలో ఉద్యోగం వచ్చింది, మౌంట్ వేవర్లీలో. ఇంటి నుంచి నలభై నిమిషాల్లోపే. ఖాళీ ఉందని చెప్పింది ఎవరో తెలుసా? కర్నూలక్క. వాళ్ళ తోడికోడలు పనిచేసే కంపెనీ అది. ఉద్యోగం కబురు టార్నీట్ నుంచి వచ్చింది, ఆ ఉద్యోగానికి వెళ్ళగలిగింది క్లేటన్‌లో ఉండబట్టి. ఈ రెంటిలో ఏది గొప్పదని అడిగితే నేను తేల్చలేను. కానీ సబర్బ్ మారినంత మాత్రాన అక్క నన్ను మర్చిపోలేదు. మనవాళ్ళకి దూరమైపోతామన్న భయం, అనుకున్నంత నిజం కాదని మాత్రం గట్టిగా చెప్పగలను.

నాకు నేను వేసుకున్న ప్రశ్నలు

2020 ఆగస్టులో మెల్‌బోర్న్ మొత్తం మీద కోవిడ్ ఆంక్షలు పెట్టారు. ఇంటి నుంచి 5 కిలోమీటర్లు దాటకూడదు, రాత్రి 8 తరువాత బయటికి రాకూడదు. మాకు కావలసినవన్నీ ఆ 5 కిలోమీటర్లలోనే ఉన్నాయి. "నీకు అప్పుడు ఎలా ఉండేదో ఇప్పుడు ఊరంతటికీ తెలుస్తోంది" అన్నారు మా ఆయన. అదే సమయంలో ఒకే భోజనాల బల్ల మీద చెరో కొసన కూర్చుని ఇద్దరం ఆఫీసు పని చేశాం, ఆయన మీటింగ్ పెడితే నేను బాత్రూములోకి వెళ్ళి ఫోన్ మాట్లాడాను. టార్నీట్ మిత్రులు తలో గదిలో కూర్చుని, సాయంత్రం పెరట్లో మొక్కలకి నీళ్ళు పోసుకున్నారు. ఆ రోజుల్లో పెద్ద ఇల్లు వదిలేసినందుకు నేను బాధపడలేదంటే అబద్ధం.

అత్తగారూ మామగారూ ఆరు నెలలు ఉండటానికి వచ్చినప్పుడు ఇల్లు ఇరుకైంది. అదీ నిజమే. అయితే మామగారు రోజూ పొద్దున లైబ్రరీకి నడిచి వెళ్ళి పేపర్లు తిరగేసి, వచ్చేటప్పుడు కొత్తిమీర కట్ట పట్టుకొచ్చేవారు. వేరే సబర్బ్‌లో పెద్ద ఇంట్లో ఆర్నెల్లుందామని వచ్చిన ఆయన స్నేహితుడొకాయన, రెండో నెలలోనే టికెట్ ముందుకి జరపమని కొడుకుని పోరాడట. గదులు ఎవరికోసం అని తీసుకుంటామో వాళ్ళకి గదులే చాలవు.

డ్రైవింగ్ వచ్చిన ఆడవాళ్ళ సంగతి వేరు. మా స్నేహితురాలు ఒకామె హైదరాబాదులో పదేళ్ళు కారు నడిపింది. వచ్చిన నెలన్నరలో రెండో కారు కొనుక్కుని, టార్నీట్‌లో నాకంటే హాయిగా ఉంది, ఇల్లు కూడా అక్కడే కొనుక్కుంది. అలాంటివాళ్ళకి నా మాటలు వర్తించవు. కానీ రెండో కారు కొనాలంటే కారు ధర ఒక్కటే కాదు, రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు, పెట్రోలు, నేర్చుకోవాల్సి ఉంటే గంటకింతని డ్రైవింగ్ పాఠాలు. దూరంగా ఉంటే అద్దె తక్కువ అని మిగిల్చింది ఆ దారిన పోతుంది. అద్దె పోల్చేటప్పుడు ఆ కారుని కూడా పక్కన రాసుకోవాలి. మనవాళ్ళు రాసుకోగా నేను చూడలేదు.

ఇది ఆడవాళ్ళ సమస్య అని తోసేయడానికీ లేదు. నాకు తెలిసిన ఒక నర్సు ఉద్యోగం మీద ముందు తను వచ్చింది, భర్త వెనక వచ్చాడు. ఆమె ఆస్పత్రికి దగ్గరని ఇల్లు తీసుకున్నారు. ఆమెది షిఫ్టుల పని, కారు ఆమెకే కావాలి. నాలుగు నెలలు ఆ అబ్బాయి ఎవరితోనూ మాట్లాడటం మానేశాడు. ఊళ్ళో మైకు పట్టుకుంటే వదలని మనిషి.

ఇంకో సంగతి. మొదటి ఇల్లే ఆఖరి ఇల్లు కానక్కర్లేదు. ఇద్దరికీ ఉద్యోగాలు, ఇద్దరికీ కార్లు, పిల్లలకి బడి, పెరట్లో గోంగూర, ఇవన్నీ కుదిరాక టార్నీట్ వెళ్ళినా, ఇంకా దూరం వెళ్ళినా నాకేం అభ్యంతరం లేదు. మేమే 2023లో నోబుల్ పార్క్‌లో పాత ఇల్లు కొనుక్కుని ఇంకాస్త బయటికి జరిగాం. నా గొడవంతా మొదటి ఏడాది గురించే. ఆ ఏడాదిలో రెండో మనిషి కాళ్ళ మీద తాను నిలబడితే ఆ తరువాత ఎక్కడైనా బతుకుతుంది. ఆ ఏడాది ఇంట్లో కూర్చుండిపోతే, మళ్ళీ లేవడానికి చాలా బలం కావాలి. నేను చూసినవాళ్ళలో కొందరు ఇంకా లేవలేదు.

మరిదికి క్లేటనే రావాలని కూడా నేననను. అతని ఆఫీసు పడమర వైపే. పడమరలోనే సన్‌షైన్ ఉంది, ఫుట్స్‌క్రే ఉంది. 2025 నవంబర్ 30న నగరం కింద మెట్రో టన్నెల్ అనే రైలు సొరంగం తెరిచారు. 2026 ఫిబ్రవరి 1 నుంచి, సన్‌షైన్ మీదుగా వెళ్ళే సన్‌బరీ లైను వచ్చి మా క్రాన్‌బోర్న్, పాకెన్‌హమ్ లైన్లతో కలిసింది. సన్‌షైన్‌లో ఎక్కితే రైలు మారకుండా క్లేటన్లో దిగొచ్చు. అప్పట్లో మల్‌గ్రేవ్‌కి నేను పడాల్సిన ప్రయాణంతో పోలిస్తే ఇది ఎంత తేడానో నాకు తెలుసు. అక్కడ కొత్త ఇళ్ళు తక్కువ. తూర్పు వాకిలి దొరక్కపోవచ్చు. ఉన్న డబ్బుకి రెండు గదులే వస్తాయి. ఆ రెండు గదుల బయట ఊరుంటుంది.

మామ్మగారు

ఇదంతా సగం రాసిపెట్టి ఉండగా, మరిది నిజంగానే మంగళవారం సగం పూట సెలవు పెట్టి వెళ్ళాడు. టార్నీట్ స్టేషన్లో దిగి వీడియో కాల్ చేశాడు. ఒక పక్క నేను, ఆఫీసు లంచ్ రూములో. ఇంకో పక్క చెల్లి, తెనాలిలో. అక్కడ పొద్దున్న ఐదున్నర, ఇంకా తెల్లారలేదు. వెనక పిన్ని గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఫిబ్రవరి ఎండలో అతను ముఖం తుడుచుకుంటూ నడుస్తున్నాడు. "ఏవండీ, ఫోన్ కాస్త అటు తిప్పండి" అంటోంది చెల్లి. తిప్పితే కొత్త కప్పులు, కంచెలు, కాపలా కర్రలు కట్టిన సన్నటి మొక్కలు. ఇరవై ఐదు నిమిషాలు నడిచి ఆ వీధికి చేరాడు. గరాజ్ తలుపులన్నీ దించి ఉన్నాయి.

"మనవాళ్ళ ఇల్లేదో ఒకటి తట్టు" అన్నాను.

గుమ్మానికి ఎండిన మామిడాకులు కట్టిన ఇల్లొకటి చూసి తట్టాడు. ఒక పెద్దావిడ చంకలో చంటిపిల్లతో తలుపు తీసింది. తెలుగు వినగానే ముఖం వెలిగిపోయింది. "రా నాయనా, లోపలికి రా, ఎండన పడొచ్చావు, మంచినీళ్ళు తాగు" అంటూ అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. కోడలి పురిటికి వచ్చిందట, వచ్చి ఐదు నెలలైందట. పావుగంట సేపు ఆగకుండా మాట్లాడింది. ఆ ఇల్లు వీళ్ళు తీసుకోబోతున్నారని తెలిసి, "మీ ఆవిడ పగలు ఇంట్లోనే ఉంటుందా?" అని ఎంత ఆశగా అడిగిందో. నా వాదనంతా ఆ ఒక్క ప్రశ్న ముందు తేలిపోయినట్టనిపించింది. మా చెల్లికి తోడుగా మనిషి ఉండనే ఉంది, పగలు పదకొండింటికి, నాలుగిళ్ళ అవతల.

అంతలో ఫోన్లోంచి చెల్లి గొంతు వినిపించింది. "మామ్మగారూ, మీకు ఎటైనా వెళ్ళాలనిపిస్తే ఎలా వెళ్తారండీ?"

మామ్మగారు పిల్లని ఆ చంక నుంచి ఈ చంకకి మార్చుకుంది.

"శనివారం మా అబ్బాయి తీసుకెళ్తాడమ్మా" అంది.